ప్రిన్సిపాల్ గారి వీడ్కోలు సభ: ఎర్ర గీతల పక్కన పెన్సిల్ రాతలు

పాస్టర్లు కాబోయేవాళ్లకి చదువు చెప్పే మా సెమినరీ ప్రిన్సిపాల్ గారు మొన్న ఏప్రిల్ ఆఖరున రిటైరయ్యారు. ఆయన వీడ్కోలు సభ కమిటీలో నన్ను కూడా వేశారు. నేను అక్కడ చదువు ముగించుకుని పంతొమ్మిదేళ్లయింది, ఇప్పుడు రాజోలు అవతల ఒక చిన్న సంఘానికి పాస్టర్‌ని. సంక్రాంతి వెళ్లిన వారం నుంచి మూడున్నర నెలలు ఈ పని మీదే తిరిగాను. ఇలాంటి సభ చెయ్యబోయేవాళ్లకి పనికొస్తుందని కొంత, ఆ రోజు జరిగింది మరిచిపోకముందే ఎక్కడైనా రాసిపెట్టుకోవాలని ఎక్కువగా, ఇది రాస్తున్నాను.

మొదటి మీటింగ్ సెమినరీ చాపెల్లోనే. ఏడుగురం. ప్రార్థన అయిన పది నిమిషాలకే ప్లాన్ మొత్తం తయారైపోయింది. మన దగ్గర సన్మానం అంటే ఏముంటాయో అందరికీ తెలిసిందే కదా: బంగారు ఉంగరం, శాలువా, కడియం నుంచి గజమాల, రోడ్డు మొదలు నుంచి గేటు దాకా ఫ్లెక్సీలు, సన్మాన సంచిక, భోజనాలు. ఉంగరానికి పూర్వ విద్యార్థులు తలా వెయ్యి వేసుకోవాలన్నారు ఒకరు. పల్లెటూరి పాస్టర్‌కి వెయ్యి రూపాయలంటే ఏమిటో నాకు తెలుసు, ఆదివారం కానుకల సంచిలో ఎంత పడుతుందో వారం వారం చూసేవాణ్ణే, అయినా ఆ పూట నోరు తెరవలేదు. ఆ తప్పు నాదే.

తేదీ దగ్గర చాలా తర్జనభర్జన పడ్డాం. ఏప్రిల్ రెండో వారం అనుకుంటే సంఘ పెద్దలు ఒప్పుకోలేదు. "దాళ్వా కోతలండి, అప్పుడు పెడితే కుర్చీలు తప్ప మనుషులు కనపడరండి" అన్నాడు అంబాజీపేట వైపు పెద్దాయన ఒకాయన. ఆయన చెప్పింది నిజమే, దాళ్వా అంటే మా వైపు రెండో పంట వరి. కోతలు అయ్యేదాకా ఆగుదామంటే ఆ పాటికి కాలువలు కట్టేస్తారు, అంటే నీళ్లు వదలడం ఆపేస్తారు. కాలువలు కట్టేశాక మా వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, మూడొందల మందికి వంటకీ తాగడానికీ ట్యాంకర్లు తెప్పించాల్సిందే. చివరికి నీళ్లు కొనుక్కోవచ్చు, మనుషుల్ని కొనుక్కోలేం అని నెలాఖరుకే ఖాయం చేశాం. డెల్టాలో వేసవి సభ పెట్టేవాళ్లు ముందు క్యాలెండర్‌లో పండుగలు చూసుకుంటారు. కోతల రోజులు, కాలువలు కట్టే రోజులు కూడా చూసుకోండి.

ఆ తర్వాత నలుగురం కలిసి ప్రిన్సిపాల్ గారి ఇంటికి వెళ్లాం. క్లాసులో ఆయన మాకు సార్, బయట అయ్యగారు. అమ్మగారు మజ్జిగ ఇచ్చారు. మేం లిస్టు చదువుతుంటే ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ విన్నారు, ఉంగరం దగ్గర ఆపారు.

"అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయం మీకు నేనే కదయ్యా చెప్పింది" అన్నారు. పౌలు ఎఫెసు సంఘ పెద్దల దగ్గర సెలవు తీసుకునే భాగం అది. ఎవరి వెండినీ బంగారాన్నీ వస్త్రాలనీ నేను ఆశించలేదు, ఈ చేతులతోనే కష్టపడి నా అవసరాలూ నా వెంట ఉన్నవాళ్ల అవసరాలూ తీర్చాను అంటాడు పౌలు అక్కడ. "బంగారమంటే మీ ఉంగరం, వస్త్రమంటే మీ శాలువా. ఆ పాఠం ఇన్నేళ్లు చెప్పి, వెళ్లేరోజు ఆ రెండూ పుచ్చుకుని వెళ్లమంటారా?"

మేం ఏం మాట్లాడతాం. కాసేపాగి నేనే అడిగాను, "మరి మమ్మల్ని ఏం చెయ్యమంటారు అయ్యగారూ?"

"అందరికీ అన్నం పెట్టండి. చందా రెండొందలు దాటి ఎవర్నీ అడక్కండి. ఇంకొకటి, మధ్యలో మానేసినవాళ్లున్నారు చూడండి, వాళ్లని పిలవండి."

మాకు వెంటనే అర్థం కాలేదు. పూర్వ విద్యార్థులంటే మా లెక్కలో పట్టా పుచ్చుకున్నవాళ్లు. ఫైనలియర్ ఫొటోలో ఉన్నవాళ్లు. మధ్యలో మానేసినవాళ్ల లిస్టు ఎక్కడుంటుంది?

ఆఫీసులో ఉందన్నారు. మర్నాడు నేనూ మా కమిటీ సెక్రటరీ వెళ్లాం. క్లర్కు గారు బీరువా అడుగు అర నుంచి అడ్మిషన్ రిజిస్టర్ తీసి టేబుల్ మీద పెట్టారు. బారుగా ఉండే పాత రకం రిజిస్టర్, ఎర్ర గుడ్డ బైండింగు, అంచులు చెదలు కొట్టేసి ఉన్నాయి. నీలం సిరాతో పేరు, తండ్రి పేరు, ఊరు, ఏ సంఘం నుంచి వచ్చాడు, చేరిన తేదీ. కోర్సు ముగించకుండా వెళ్లిపోయినవాళ్ల వరస మీద ఎర్ర సిరాతో ఒక గీత, చివర్న "మానివేసినాడు" అని, కొన్నిచోట్ల "తొలగించడమైనది" అని. ప్రిన్సిపాల్ గారు అక్కడ పాఠాలు చెప్పిన ఇరవై రెండేళ్లలో అలాంటి గీతలు 38 లెక్కపెట్టాం.

ఆ గీతల పక్కన, మార్జిన్‌లో, పెన్సిల్‌తో సన్నగా రాసి ఉంది. ఆయన చేతిరాతే, బోర్డు మీద గ్రీకు అక్షరాలు రాసే అదే రాత. "తండ్రి పోయాడు. కౌలు బాకీ." "అమలాపురంలో ఆటో." "కువైట్, రెండేళ్లు." "పాప పుట్టింది." "కాకినాడలో ఆపరేషన్, వెళ్లి చూశాను." ఒక్కో పేరు పక్కన ఫోన్ నంబరు. నంబరు మారినప్పుడల్లా చెరిపి మళ్లీ రాసినట్టున్నారు, కొన్నిచోట్ల కాగితం పల్చబడి వెనక పేజీ అక్షరాలు కనపడుతున్నాయి. ఒకచోట చిరిగితే వెనకనుంచి తెల్ల కాగితం ముక్క అంటించి దాని మీద రాశారు.

"ఏడాదికోసారి డిసెంబర్లో అడిగి తీసుకుంటారండి, రెండ్రోజులు గదిలోనే పెట్టుకుంటారు. క్రిస్మస్‌కి ఫోన్లు చేస్తారనుకుంటానండి" అన్నారు క్లర్కు గారు.

తర్వాతి పేజీలో మా బ్యాచ్ వచ్చింది. అందులో ఒక ఎర్ర గీత కింద ఉన్నది నా రూమ్మేట్ పేరు.

ఇది రాయడానికి కష్టంగానే ఉంది. ఏడాదిన్నర ఒకే గదిలో ఉన్నాం. ఒకే కంచంలో తిన్న రోజులున్నాయి. వీకెండ్ మినిస్ట్రీకి, అంటే శని ఆదివారాల సువార్త పనికి, ఒకే సైకిల్ మీద పల్లెలకి వెళ్లేవాళ్లం, వాడు తొక్కేవాడు, నేను వెనక కూర్చుని ప్రసంగం కంఠస్థం పట్టేవాణ్ణి. రెండో ఏడాది మధ్యలో వాళ్ల నాన్న పోతే కౌలు బాకీ తీర్చడానికి ఇంటికెళ్లినవాడు మళ్లీ రాలేదు. మొదట్లో ఒకటి రెండు ఉత్తరాలు రాశాను. తర్వాత మానేశాను. పంతొమ్మిదేళ్లు. వాడి పేరు పక్కన ప్రిన్సిపాల్ గారు నంబరు ఐదుసార్లు మార్చి రాశారు, నా ఫోన్‌లో మాత్రం ఒక్కసారి కూడా ఆ నంబరు లేదు.

ఫోన్లు చెయ్యడం నేనే తీసుకున్నాను. సాయంత్రం ఏడు దాటాక చేసేవాణ్ణి, అప్పటికి పనుల్లోంచి వస్తారని. 38 మందిలో ఇద్దరు చనిపోయారు. పదకొండు మంది నంబర్లు పనిచెయ్యలేదు. దొరికిన పాతిక మందితో మాట్లాడితే పాతిక రకాలు. కొందరు సంతోషించారు. ఒకాయన "నన్ను పంపించేసింది మెస్ బకాయి కట్టలేదని, ఇప్పుడు భోజనానికి పిలుస్తున్నారా" అని గట్టిగానే అడిగారు. ఆయన్ని అనడానికి నాకేం లేదు, మౌనంగా విన్నాను. కాసేపటికి ఆయనే అన్నారు, "ఆ రోజు ట్రంకు పెట్టె పట్టుకుని బస్సు దాకా వచ్చింది సార్ ఒక్కరేనండి. ఆయన కోసమైతే వస్తాను."

నా రూమ్మేట్‌కి ఆఖర్న చేశాను. భీమవరం అవతల రొయ్యల చెరువుల మీద పనిచేస్తున్నాడు. వెనక ఏరియేటర్ల చప్పుడు, చెరువు నీళ్లలోకి గాలి కలిపే మెషిన్లవి. నేను పేరు చెప్పాక కొంచెంసేపు ఆ చప్పుడే వినిపించింది.

"నేను పాస్టర్ని కాలేకపోయాను కదరా. అక్కడికొచ్చి ఏ మొహం పెట్టుకుని కూర్చోను?"

"నేను నీకు ఇన్నేళ్లు ఫోన్ చెయ్యలేదు. నా మొహం సంగతేంటి?" అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో తెలియలేదు. వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు.

సంచిక గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ టెన్షన్ పడింది దాని దగ్గరే. వ్యాసాలన్నీ వాట్సాప్‌లో, ఫోన్లలో వాడే యూనికోడ్‌లో వచ్చాయి, ప్రెస్‌లో వాడేది వేరే పద్ధతి, అను ఫాంట్లు. మార్చేటప్పుడు ర వత్తులు ఎగిరిపోయాయి. ప్రూఫ్ తెరిస్తే ‘ప్రభువు’ అన్న ప్రతిచోటా ‘పభువు’ అని ఉంది, ‘ప్రార్థన’ ‘పార్థన’ అయింది. 160 పేజీలు. ముగ్గురం మూడు రాత్రులు కూర్చుని పెన్నుతో దిద్దాం. ఇలాంటి పుస్తకం వెయ్యాలనుకుంటే మూడు నెలల ముందు వ్యాసాలు చేతికి రావాలి, ప్రూఫ్ కనీసం రెండుసార్లు చూడాలి, అదీ స్క్రీన్ మీద వద్దు, కాగితం మీద.

అందులో నేను రాసింది ఆయన మమ్మల్ని తీసుకెళ్లిన టూర్ల గురించి. చర్చి చరిత్ర పాఠాన్ని ఆయన సగం క్లాసులో చెప్పి, మిగతా సగం ధవళేశ్వరంలో చెప్పేవారు. బస్సులో తీసుకెళ్లి బ్యారేజీ దగ్గర నిలబెట్టి, "కాటన్ దొర ఆనకట్ట కట్టాడు, 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు అని చదువుకున్నారు. రాళ్లు మోసింది ఎవరు?" అని అడిగేవారు. ఇంగ్లండ్ నుంచి 1836లో వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీలు నర్సాపురం కేంద్రంగా పనిచేశారనీ, ఆనకట్ట పనికి వచ్చిన కూలీల మధ్యకి కూడా సువార్త వెళ్లిందనీ చెప్పేవారు. మా తాతముత్తాతలు ఆ కూలీల్లోవాళ్లే అయ్యుండొచ్చు అని అక్కడ నిలబడి మొదటిసారి అనిపించింది నాకు. బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో 1818లో కాలేజీ పెట్టిన మిషనరీ విలియం కేరీ మొదట చెప్పులు కుట్టినవాడు, పౌలు డేరాలు కుట్టినవాడు అని గుర్తుచేసి, "చేతిపనిని చిన్నచూపు చూసేవాడు ఈ పుస్తకం ముట్టుకోవద్దు" అనేవారు బైబిల్ పైకెత్తి. రాజమండ్రిలో లూథర్‌గిరికి తీసుకెళ్లి, ఇప్పుడు హైదరాబాదులో ఉన్న ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ 1964లో మొదలైంది ఇక్కడే అని చూపించేవారు. అమెరికా లూథరన్ మిషనరీ హయ్యర్ దొర 1842లో గుంటూరు వచ్చి, తిరిగి వెళ్లిపోయి, డెబ్బై దాటిన వయసులో 1869లో మళ్లీ రాజమండ్రి వచ్చాడని చెప్పింది కూడా అక్కడే. రిటైరయ్యాక ఏం చేస్తారు అయ్యగారూ అని అడిగితే ఇప్పుడు అదే చెప్పారు, "హయ్యర్ అంత వయసులో సముద్రం దాటి వచ్చాడు. నేను వెళ్లేది తాటిపాకకే కదా."

సభ రోజు పొద్దున్న ఆరింటికే ట్యాంకర్లు వచ్చాయి. మామిడికాయ పప్పు, మాంసం కూర, పెరుగు, ఆత్రేయపురం పూతరేకులు. వేదిక మీద ఎవరు కూర్చోవాలన్న గొడవ ముందురోజు రాత్రి పదకొండు దాకా నడిచింది, అది ఇక్కడ విప్పను, వేదిక మీద కుర్చీలే తీసేశాం, అందరూ కిందే కూర్చున్నారు, గొడవ అక్కడితో ఆగింది. మాట్లాడేవాళ్లు ఇరవై మందికి పైగా పేర్లిస్తే ఆరుగురికి కుదించాం. అందులో ఇద్దరు స్త్రీలు. ఈ మాట గట్టిగా చెప్తున్నాను, సెమినరీలో అమ్మగారు చేసిన పనికి జీతం లేదు, హోదా లేదు. పెళ్లై వచ్చిన విద్యార్థుల భార్యలకి సాయంత్రం పూట ఆవిడే చదువు చెప్పేవారు. మైకు దగ్గరికి వచ్చిన ఒక పాస్టరమ్మ, "నేను సెమినరీ క్వార్టర్స్‌కి వచ్చేసరికి నాకు సంతకం రాదండి. ఇప్పుడు మా ఆయన ప్రసంగం నోట్సులో తప్పులు నేను దిద్దుతానండి" అంది. అమ్మగారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

మానేసినవాళ్లు పదముగ్గురు వచ్చారు. పిలిచి ముందు వరసల్లో కూర్చోబెట్టాలని చూశాం, ఎవరూ రాలేదు, అందరూ చాపెల్ వెనక బెంచీల్లోనే సర్దుకున్నారు. నా రూమ్మేట్ పదిన్నరకి వచ్చాడు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చెప్పులు గుమ్మం బయట విడిచి. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి తలూపాడు, అంతే.

ఆఖర్న సాగనంపే ప్రార్థన. పద్ధతి ప్రకారం ఆర్డినేషన్, అంటే పాస్టర్‌గా అభిషేకం, అయిన సీనియర్ పాస్టర్లు వచ్చి తల మీద చేతులుంచి ప్రార్థిస్తారు. వాళ్ల పేర్లు కార్యక్రమ పత్రంలో అచ్చేయించాం కూడా. ప్రిన్సిపాల్ గారు బలిపీఠం ముందు కటిక నేల మీద మోకరించారు, దిండు వేస్తామన్నా వద్దన్నారు. పాస్టర్లు లేచారు. ఆయన తలెత్తి, "మీరు ఒక్క నిమిషం ఆగండయ్యా. వెనక బెంచీల్లో ఉన్నవాళ్లు రండి" అన్నారు.

ఎవరూ కదల్లేదు. నా పక్కనున్న ఒక పెద్ద పాస్టర్ గారు, అభిషేకం లేనివాళ్లు చేతులుంచడమేంటి అని నెమ్మదిగా అన్నారు. ఆయన అడిగింది అన్యాయమైన ప్రశ్న అనను, మాకు నేర్పిన క్రమం అదే. ప్రిన్సిపాల్ గారు మాత్రం మోకాళ్ల మీదనుంచి లేవలేదు, వెనక్కి చూస్తూ అలాగే ఉన్నారు. కనీసం రెండు నిమిషాలు. ముందుగా లేచింది మెస్ బకాయి గురించి నన్ను నిలదీసినాయన. ఆయన వెనక మిగతావాళ్లు.

నా రూమ్మేట్ నాకు రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. వాడి చేతులు చూశాను. చెరువులో సున్నం, బ్లీచింగ్ చల్లి చల్లి వేళ్లు తెల్లగా పగిలి ఉన్నాయి, గోళ్ల చుట్టూ చర్మం లేచిపోయింది. చెయ్యి ఆయన తలకి నాలుగు వేళ్ల ఎత్తులో ఆపి ఉంచాడు, ఆన్చడానికి ధైర్యం చాలలేదు. ప్రిన్సిపాల్ గారు కళ్లు మూసుకునే తన చెయ్యి పైకెత్తి, వాడి మణికట్టు పట్టుకుని, ఆ అరచేతిని తన తల మీద పెట్టుకున్నారు.

ఎవరు ప్రార్థిస్తారో అనుకోలేదు కాబట్టి చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత వాడి గొంతే వినిపించింది. "ప్రభువా, ఈయన మమ్మల్ని మర్చిపోలేదు. నువ్వు ఈయన్ని మర్చిపోకు. ఆమెన్."

అంతే ప్రార్థన. సైకిల్ మీద నన్ను ఎక్కించుకుని తొక్కిన రోజుల్లో వాడు ఇంతకంటే చక్కగా, అరగంట ఆపకుండా ప్రార్థించేవాడు. ఆ అరగంటల్లో నాకు ఒక్క వాక్యం గుర్తులేదు.

భోజనాల దగ్గర వాడికి నేనే వడ్డించాను. పెద్దగా ఏం మాట్లాడుకోలేదు, పూతరేకులు రెండు కాగితంలో చుట్టి పిల్లలకి తీసుకెళ్లమంటే జేబులో పెట్టుకున్నాడు. చెరువులో రొయ్యలు పట్టడం అయ్యాక మా ఊరు వస్తానన్నాడు.

ఉంగరం కోసమని ముందే కొంతమంది పంపిన డబ్బు వెనక్కి ఇస్తామంటే ఎవరూ పుచ్చుకోలేదు. ఇప్పుడు చదువుతున్నవాళ్లలో ఆరుగురికి మెస్ బకాయి ఉంటే దానికి కట్టేశాం, రసీదులు ఆఫీసులో ఉన్నాయి, కమిటీ లెక్కల కాగితం నోటీసు బోర్డుకి అంటించాం.

సాయంత్రం ఐదింటికి ప్రిన్సిపాల్ గారు కొత్త ప్రిన్సిపాల్ గారికి తాళాలు, బ్యాంకు పుస్తకాలు, సీలు అప్పగించి సంతకాలు చేశారు. ఆఖర్న ఆ ఎర్ర బైండింగు రిజిస్టర్ రెండు చేతులతో ఇచ్చారు, లోపల పెన్సిల్ అలాగే ఉంచి.

దొరకనివాళ్లు ఇంకా పదకొండు మంది ఉన్నారు. మూడు నెలలు వెతికినా నంబర్లు దొరకలేదు. మా సెమినరీలో చేరి ఏ కారణం చేతనైనా మధ్యలో వెళ్లిపోయినవాళ్లు ఇది చదువుతుంటే, లేదా అలాంటివాళ్లు మీ ఊళ్లో ఉంటే, ఆఫీసుకి ఒక్క ఫోన్ చెయ్యండి. చేరిన ఏడాది, పేరు చెబితే చాలు, క్లర్కు గారు పేజీ తీస్తారు.